జ్వరం చెప్పి రాదు, సెలవు మాత్రం చెప్పే పెట్టాలి

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవాళ్లను నిద్రలో లేపి అడిగినా రెండు అంకెలు చెబుతారు: 75, 65. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టర్ పరీక్షలు రాయాలంటే మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఆగిపోతే తగిన కారణం చెప్పి, ఆధారం చూపించి, ఫీజు కట్టి కండొనేషన్ తెచ్చుకోవచ్చు. 65 కూడా లేకపోతే ఏ కారణమూ పనిచేయదు, డిటెయిన్ చేస్తారు. టైఫాయిడ్ వచ్చినా, పచ్చకామెర్లు వచ్చినా ఈ లెక్క తేలేది సెమిస్టర్ చివర్లో, షార్టేజ్ జాబితా నోటీసు బోర్డెక్కిన రోజున. మెడికల్ సర్టిఫికెట్ కోసం పరుగు మొదలయ్యేదీ చాలామందికి ఆ రోజే.

అదే కుర్రాడు ఆగస్టులో డాలస్‌లోనో డేటన్‌లోనో దిగి, అక్టోబరులో జ్వరంతో మంచం పడితే అలవాటు కొద్దీ వెతికేది ఆ 75నే. అది దొరకదు. అమెరికా విశ్వవిద్యాలయాలన్నిటికీ వర్తించేలా ఇంత శాతం హాజరు ఉండాలని చెప్పే జాతీయ చట్టం లేదు. దాంతో కొందరు ‘ఇక్కడ హాజరు పట్టింపే లేదు’ అనే నిర్ణయానికి వచ్చేస్తారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. శాతం లేదు గాని దాని స్థానంలో వేరే అంకెలున్నాయి: 15, 9, 12, 5, 60. మన దగ్గర లోటు పడ్డాక సర్దుకునే దారి ఉంది. అక్కడ దారి ఉన్నదల్లా లోటు పడకముందే. ముందు చెప్పిన రోగానికి చట్టం చాలా వెసులుబాటు ఇస్తుంది, చెప్పకుండా తీసుకున్న సెలవుకి దాదాపు ఏమీ ఇవ్వదు.

విదేశీ విద్యార్థుల లెక్కలు చెప్పే ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో 1,96,567 మంది, అంటే ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు, పీజీ స్థాయి వాళ్లు. ఎం.ఎస్. కోసం వెళ్లే మన తెలుగు పిల్లలు ఎక్కువగా కనిపించేదీ ఆ వరసలోనే. ఈ లెక్కలు ముందుగా తెలియాల్సింది వాళ్లకీ, ఇక్కడి నుంచి ఫోన్లు చేసే వాళ్ల అమ్మానాన్నలకీ.

ఒక్క రోగం, నాలుగు పద్దులు

జ్వరం ఒకటే అయినా దాన్ని నాలుగు చోట్ల నాలుగు రకాలుగా రాసుకుంటారు. ప్రొఫెసర్ చూసేది తరగతులూ, మార్కులూ. రిజిస్ట్రార్ ఆఫీసు చూసేది ఎన్ని క్రెడిట్లకు నమోదై ఉన్నారన్నది. ఇంటర్నేషనల్ ఆఫీసులో ఉండే డీఎస్‌ఓ, అంటే విదేశీ విద్యార్థుల బాధ్యత చూసే అధికారి, ఆ క్రెడిట్లను ‘సెవిస్’ అనే ప్రభుత్వ డేటాబేస్‌కు చేరవేస్తారు. బీమా కంపెనీ చూసేది పాలసీ షరతులు.

ఈ నలుగురూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారని అనుకోవడమే చాలామంది చేసే పొరపాటు. ప్రొఫెసర్ ‘పరవాలేదు, విశ్రాంతి తీసుకో’ అని మెయిల్ పెడితే అది ఆ ఒక్క సబ్జెక్టుకే సెలవు. ఆ సంగతి డీఎస్‌ఓకి తెలియదు. డీఎస్‌ఓ అనుమతి ఇచ్చినంత మాత్రాన ప్రొఫెసర్ మళ్లీ పరీక్ష పెట్టాలనీ లేదు. ఎవరి పద్దు వారిది, ఎవరికి వాళ్లకే చెప్పుకోవాలి.

మొదటి పద్దు: 15 వారాలు, 27 గంటలు

క్రెడిట్ అంటే ఏమిటో అమెరికా ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. సుమారు 15 వారాల పాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు కనీసం రెండు గంటల సొంత చదువు కలిస్తే ఒక క్రెడిట్. ఎం.ఎస్. విద్యార్థి మామూలుగా సెమిస్టర్‌కి 9 క్రెడిట్లు తీసుకుంటాడు. అంటే వారానికి 9 గంటల తరగతి, 18 గంటల ఇంటి పని, మొత్తం 27 గంటలు.

ఇప్పుడు రెండు వారాల జ్వరాన్ని ఈ తూకంలో వేసి చూడండి. పోయింది 54 గంటలు. అందులో తరగతి గంటలు 18. రికార్డు చేసిన పాఠాలుంటే అవి ఎలాగో తిరిగొస్తాయి. మిగతా 36 గంటల అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు, చదువు మాత్రం మూడో వారం పనిమీద కుప్పగా పడతాయి. జ్వరం తగ్గాక వచ్చే కష్టం అసలు జ్వరం కంటే పెద్దదని సీనియర్లు చెప్పేది ఇందుకే.

ఇక హాజరు. చాలా ఎం.ఎస్. తరగతులు వారానికి ఒక్కసారే, సాయంత్రం, దాదాపు మూడు గంటలు జరుగుతాయి. 15 వారాలకు 15 తరగతులు. ఒక్కటి పోతే 6.7 శాతం పోయినట్టే, రెండు పోతే 13 దాటుతుంది. మన 75 శాతం సూత్రం ఉంటే మూడింటికి వెళ్లకపోయినా గట్టెక్కేవాళ్లం. కానీ అక్కడ ఒకటి రెండు గైర్హాజర్లు దాటగానే గ్రేడు తగ్గించే సిలబస్‌లు బోలెడు. వేసవి టర్ములో ఇంకా కష్టం. వారానికి నాలుగు రోజుల చొప్పున ఐదు వారాల కోర్సయితే మొత్తం తరగతులు 20. ఒక్క వారం పడుకుంటే 20 శాతం ఎగిరిపోతుంది.

‘సిలబస్’ అనే మాట దగ్గర మనవాళ్లు మోసపోతారు. మనకది పాఠాల జాబితా. అక్కడ అది ఆ తరగతికి రాజ్యాంగం. గైర్హాజరుకు ఎన్ని మార్కులు పోతాయి, డాక్టరు చీటీ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, పరీక్ష తప్పితే మళ్లీ పెడతారా, ఆలస్యమైన అసైన్‌మెంటుకు రోజుకు ఎంత కోత అన్న నాలుగు సంగతులూ మొదటి వారంలోనే చేతికిచ్చే ఆ కాగితంలో ఉంటాయి. మనవాళ్లు దాన్ని తెరిచేది మాత్రం మిడ్‌టర్మ్‌కు ముందు రాత్రి.

విశ్వవిద్యాలయం మొత్తానికి వర్తించే నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఒక కోర్సులో ఒక్క తరగతి జబ్బు వల్ల తప్పితే డాక్టరు చీటీ అక్కర్లేదు, విద్యార్థి సొంతంగా సంతకం చేసిన చీటీ చాలు. పెద్ద పరీక్షలున్న రోజుకు ఈ వెసులుబాటు లేదు. టెక్సస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో గైర్హాజరు న్యాయమైనదని తేలితే తప్పిన పరీక్షకో పనికో బదులు అవకాశం ఇవ్వాల్సిందే. ఆ పని గైర్హాజరు ముగిసిన రోజు నుంచి 30 రోజుల్లో పూర్తి కావాలి.

చిన్న జలుబుకూ డాక్టరు చీటీ అడగడం తగదన్న వాదన అమెరికాలోనే గట్టిగా ఉంది. 2009లో హెచ్1ఎన్1 ఫ్లూ వ్యాపించినప్పుడు సీడీసీ, అంటే అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ, జబ్బుపడ్డ విద్యార్థుల్ని చీటీ కోసం ఆస్పత్రులకు తరమవద్దని విశ్వవిద్యాలయాలకు చెప్పింది. కారణం సులువే. పడుకుంటే తగ్గే జ్వరానికి క్లినిక్‌లో కూర్చోబెడితే ఇంకో పదిమందికి అంటుకుంటుంది, నిజంగా అవసరమైనవాళ్లకు డాక్టరు దొరకడు.

రెండో పద్దు: 9 క్రెడిట్లు, ఒక్క నొక్కు

ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి పూర్తి కోర్సు భారం మోయాలి. డిగ్రీ స్థాయిలో అది టర్ముకు కనీసం 12 క్రెడిట్లు. పీజీలో ఎంతన్నది విశ్వవిద్యాలయం నిర్ణయిస్తుంది, ఎక్కువ చోట్ల 9. అందులో ఆన్‌లైన్ కోర్సు టర్ముకు ఒక్కటే, అంటే 3 క్రెడిట్ల వరకే లెక్కలోకి వస్తుంది. ఒంట్లో బాగాలేదని మొత్తం ఆన్‌లైన్‌కు మారిపోతానంటే కుదరదు. కోవిడ్ కాలంలో ఇచ్చిన మినహాయింపు 2023 మే 11తో ముగిసింది.

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. ఆస్పత్రిలో ఉండి వారం రోజులు తరగతికి పోకపోతే క్రెడిట్లు తగ్గవు, తొమ్మిదీ తొమ్మిదిగానే ఉంటాయి. కోర్సు ‘డ్రాప్’ చేస్తే తగ్గుతాయి. స్టేటస్‌కు, అంటే విద్యార్థిగా అమెరికాలో ఉండే చట్టబద్ధ హోదాకు, ముప్పు మంచం పట్టడంలో కన్నా పోర్టల్‌లో బటన్ నొక్కడంలో ఎక్కువ.

గుంటూరు నుంచి వెళ్లిన ఒక అమ్మాయిని ఊహించుకుందాం. సెమిస్టర్ మొదలై రెండు వారాలు కాలేదు. నాలుగు రోజులుగా జ్వరం 102 దగ్గరే ఉంది. పూర్తి ఫీజు వెనక్కొచ్చేలా కోర్సు వదులుకునే గడువు ఆ రాత్రి పన్నెండుకి ముగుస్తుంది. క్రెడిట్‌కి 1,000 డాలర్లనుకుంటే ఒక కోర్సు 3,000 డాలర్లు. ‘ఇప్పుడే డ్రాప్ చేసెయ్, మూడు వేలు మిగులుతాయి, వచ్చే సెమ్‌లో తీసుకుందువు’ అంటుంది రూమ్మేట్, రసం గిన్నె పక్కన పెడుతూ. పదకొండు నలభైకి ఫోనులో పోర్టల్ తెరిచి, టిక్కు పెట్టి, ‘సబ్మిట్’ నొక్కి పడుకుంటుంది. తెల్లారేసరికి ఆమె పేరు మీద ఉన్నవి 6 క్రెడిట్లు.

డబ్బు మిగిలింది నిజమే. కానీ డీఎస్‌ఓ ముందస్తు అనుమతి లేకుండా పూర్తి భారం కంటే కిందికి దిగితే స్టేటస్ పోయినట్టేనని నిబంధన. ప్రతి టర్ము మొదలైన 30 రోజుల్లో ఎవరు ఎన్ని క్రెడిట్లకు నమోదయ్యారో సెవిస్‌లో ధ్రువీకరించాలి. స్టేటస్ నిలుపుకోనివాళ్ల సంగతి తెలిసిన 21 రోజుల్లో నివేదించాలి. ఆ అమ్మాయి జ్వరం నిజం, బలహీనత నిజం. పదకొండు నలభైకి ముందు డీఎస్‌ఓకి మెయిల్ వెళ్లలేదన్నదీ నిజమే, సెవిస్‌కు కనబడేది మాత్రం ఈ చివరిదే.

అదే రాత్రి ఇంకో దారి ఉంది. ఏమీ డ్రాప్ చేయకుండా పడుకోవడం. మర్నాడు క్యాంపస్ హెల్త్ సెంటర్‌లో చూపించుకుని, ఉత్తరం తీసుకుని, డీఎస్‌ఓ అనుమతి వచ్చాకే కోర్సు వదలడం. గడువు దాటాక కూడా ‘మెడికల్ విత్‌డ్రాయల్’ పేరుతో దరఖాస్తు తీసుకునే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి, కొన్ని ఫీజులో కొంత తిరిగి ఇచ్చే విషయమూ పరిశీలిస్తాయి. 3,000 డాలర్లకు దారి వెతకవచ్చు. పోయిన స్టేటస్‌కు వెతకడం చాలా కష్టం.

మూడో పద్దు: 12 నెలలు, చట్టమే ఇచ్చిన సెలవు

చాలామందికి తెలియని అంకె ఇది. జబ్బు కారణంగా కోర్సు భారం తగ్గించుకునే హక్కు ఎఫ్-1 నిబంధనల్లోనే ఉంది. ఒక స్థాయి చదువులో, అంటే ఎం.ఎస్. మొత్తానికి కలిపి, 12 నెలల వరకు. క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, అవసరమైతే ఒక్క క్రెడిట్ కూడా లేకుండా అమెరికాలోనే ఉండి వైద్యం చేయించుకోవచ్చు. ఎం.ఎస్. పూర్తిచేసి పీహెచ్‌డీలో చేరితే ఆ స్థాయికి మళ్లీ వేరే 12 నెలలు.

షరతులు మూడు. లైసెన్సున్న ఎం.డి. లేదా డి.ఓ. (ఆస్టియోపతీ) డాక్టరు, లేదా సైకాలజిస్టు రాసిన ఆధారం ఉండాలి. డీఎస్‌ఓ అనుమతి కోర్సు వదలకముందే రావాలి. ప్రతి కొత్త టర్ముకూ తాజా ఉత్తరంతో అనుమతిని మళ్లీ తెచ్చుకోవాలి. సైకాలజిస్టు అన్న మాటను గమనించండి. డిప్రెషన్, తీవ్రమైన ఆందోళన కూడా ఈ నిబంధన కిందికి వచ్చే జబ్బులే. ‘మనసు బాగాలేదు’ అనేది మన ఇళ్లలో ఇంకా కారణంగా చెల్లుబాటు కాకపోయినా సెవిస్‌లో చెల్లుతుంది.

ఉత్తరంలో ‘విశ్రాంతి అవసరం’ అని రెండు ముక్కలుంటే చాలదు. డాక్టరు లెటర్‌హెడ్ మీద, ఏ తేదీ నుంచి చూస్తున్నారు, ఏ టర్ములో భారం తగ్గించాలి, తగ్గించి ఎన్ని క్రెడిట్లు చేయగలరు లేదా అసలు చేయలేరు అన్నది స్పష్టంగా ఉండాలి. డీఎస్‌ఓకి కావలసింది సిఫార్సు. మనిషిని చూడకుండా ఊళ్లో ఫ్యామిలీ డాక్టరు వాట్సాప్‌లో పంపిన చీటీని నమ్ముకునే ముందు అది చెల్లుతుందో లేదో డీఎస్‌ఓనే అడగాలి.

సబ్జెక్టు అర్థం కావడం లేదనో, ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉందనో భారం తగ్గించుకునే వీలు వేరే ఉంది. అది ఒక స్థాయి చదువులో ఒక్కసారే, అదీ కనీసం సగం భారం ఉంచుకుంటేనే. జబ్బు వేరు, చదువు కష్టం వేరు. ఒకదాని బదులు ఇంకొకటి రాయించుకుంటే, నిజంగా జబ్బు వచ్చిన రోజున చేతిలో ఉన్న అవకాశం అప్పటికే కరిగిపోయి ఉంటుంది.

జబ్బు వల్ల చదువు ఆలస్యమైతే ఐ-20 మీది, అంటే విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రవేశ పత్రం మీది, ముగింపు తేదీ పొడిగించుకోవడానికి కూడా అది చెల్లే కారణమే. ప్రొబేషన్‌లో పడ్డాను, సస్పెండయ్యాను అంటే మాత్రం పొడిగింపు రాదు. తేదీ దాటకముందే అడగాలి. 2025 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం విద్యార్థుల బసకు గరిష్ఠంగా నాలుగేళ్ల గడువు పెట్టాలని, చదువు ముగిశాక ఉండే 60 రోజుల్ని 30కి తగ్గించాలని ప్రతిపాదించింది. ఇలాంటి గడువులు బిగుసుకునే కొద్దీ జబ్బుతో పోయిన ఒక్కో సెమిస్టర్ విలువ పెరుగుతుంది.

ఐ, డబ్ల్యూ, ఎఫ్: మూడు అక్షరాల లెక్క

సెమిస్టర్ చివర జబ్బుపడితే మూడు అక్షరాలు ఎదురొస్తాయి. ‘ఐ’ అంటే పని మిగిలింది, తర్వాత పూర్తిచేస్తాడని. ‘డబ్ల్యూ’ అంటే కోర్సు మధ్యలో వదిలేశాడని. ‘ఎఫ్’ తెలిసిందే.

మూడు కోర్సుల్లో రెండింట్లో ‘ఎ’ వచ్చి, మూడోది ఏమీ చెప్పకుండా వదిలేస్తే ఎఫ్ పడుతుంది. సగటు 4, 4, 0 కలిపి మూడుతో భాగిస్తే 2.67. ఎం.ఎస్.లో మామూలుగా 3.0 ఉండాలి కాబట్టి ప్రొబేషన్. అదే డబ్ల్యూ అయితే సగటు 4.0గానే ఉంటుంది గాని క్రెడిట్లు ఆరుకు పడిపోతాయి, అనుమతి లేకపోతే స్టేటస్ చిక్కు. ఐ అయితే సగటూ పడదు, నమోదైన క్రెడిట్లూ తగ్గవు. ప్రొఫెసర్ పెట్టిన గడువులోగా మిగిలిన పని చేసి ఇవ్వాలి, ఇవ్వకపోతే చాలా చోట్ల అది ఎఫ్‌గా మారిపోతుంది.

అందుకే సెమిస్టర్‌లో చాలా భాగం పూర్తయ్యాక జబ్బుపడ్డవాళ్లు ముందు అడగాల్సింది ఐ. సగానికి ముందే పెద్ద జబ్బు అయితే డీఎస్‌ఓ అనుమతితో డబ్ల్యూ. ఎఫ్ అనేది ఎవరినీ ఏమీ అడగనివాళ్లకు దానంతటదే వచ్చేది.

ఇంటికి వచ్చేస్తే: 15 రోజులు, 5 నెలలు

‘అక్కడెందుకు పడి ఉండడం, వచ్చెయ్ నాన్నా, అమ్మ చేతి పథ్యం తింటే పది రోజుల్లో తగ్గిపోతుంది’ అనడం మన సహజం. రావచ్చు. కానీ డీఎస్‌ఓతో మాట్లాడి, అనుమతితో చదువు ఆపి బయల్దేరాలి. అలా ఆపినవాళ్లకు దేశం విడవడానికి 15 రోజులుంటాయి. ఐదు నెలల లోపు తిరిగి వెళ్లేటట్టయితే పాత సెవిస్ రికార్డునే మళ్లీ తెరిచే వీలుంది. ఐదు నెలలు దాటితే కొత్త ఐ-20, మళ్లీ 350 డాలర్ల సెవిస్ ఫీజు, కాన్సులేట్ మెట్లు మళ్లీ ఎక్కాల్సి రావచ్చు. అంతకన్నా బాధించేది ఇంకొకటి ఉంది. సీపీటీకీ ఓపీటీకీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతులకు, ముందు పూర్తికావలసిన ఒక విద్యా సంవత్సరం లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

చెప్పకుండా స్టేటస్ పోగొట్టుకున్నవాళ్లకు ‘రీఇన్‌స్టేట్‌మెంట్’ అనే దరఖాస్తు ఉంది. దానికీ అంకె ఐదు నెలలే. అంతకు మించి ఆలస్యమైతే అసాధారణ కారణం చూపాలి. విద్యార్థి చేతిలో లేని కారణాలకు ఉదాహరణగా తీవ్రమైన గాయం, జబ్బు అని ఆ నిబంధనే పేర్కొంటుంది. కాబట్టి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కాకపోతే నెలల తరబడి ఎదురుచూడాలి, తీర్పు అధికారి చేతిలో ఉంటుంది, అనుమతి లేని ఉద్యోగం చేసి ఉంటే అసలుకే మోసం.

నాలుగో పద్దు: బీమా చిన్నక్షరాల్లో 31

చాలా విద్యార్థి ఆరోగ్య పాలసీల్లో ఒక షరతు ఉంటుంది: పాలసీ మొదలైన తర్వాత మొదటి 31 రోజులు తరగతులకు హాజరవ్వాలి. జబ్బు వల్ల ఆ లోపే చదువు ఆపితే కొన్ని పాలసీలు కొనసాగిస్తాయి, కొన్ని కట్టిన డబ్బు తిరిగిచ్చి రద్దు చేస్తాయి. బీమా అత్యవసరమైన సమయంలోనే అది చేజారే అవకాశముందన్నమాట. రెండో వారంలో మంచం పట్టినవాళ్లు డ్రాప్ బటన్ కన్నా ముందు పాలసీ కాగితం తెరవాలి.

ఖర్చుకు భయపడి ఎమర్జెన్సీకి పోకుండా గదిలో పడుకోవడం మాత్రం తగదు. 1986లో వచ్చిన చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ఉన్న ఆస్పత్రి, డబ్బుందా లేదా అని చూడకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయం తప్పించే వైద్యం చేయాలి. బిల్లు తర్వాత వస్తుంది, దాన్ని వాయిదాల్లో కట్టుకోవచ్చు, ఆర్థిక సాయానికి దరఖాస్తూ పెట్టుకోవచ్చు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా వారి ‘టీమ్ స్క్వేర్’ లాంటి తెలుగు సహాయ బృందాలు ఆపదలో ఉన్నవాళ్ల కోసమే పనిచేస్తున్నాయి.

ఏళ్ల తరబడి ఉండే జబ్బుకు వేరే చట్టం

ఇప్పటిదాకా చెప్పుకున్నది వచ్చి పోయే రోగం. ఉబ్బసం, మూర్ఛ, క్రోన్స్, తరచూ వచ్చే మైగ్రేన్, దీర్ఘకాలిక డిప్రెషన్ లాంటివాటికి 1973 నాటి పునరావాస చట్టంలోని 504వ సెక్షన్, 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం అండగా ఉంటాయి. 2008లో చేసిన సవరణతో, ఎప్పుడో ఒకసారి తిరగబెట్టే జబ్బు కూడా తిరగబెట్టినప్పుడు మనిషిని కుంగదీసేదైతే రక్షణ కిందికి వస్తుందని తేల్చారు. విశ్వవిద్యాలయంలోని డిజెబిలిటీ ఆఫీసులో నమోదు చేసుకుంటే హాజరు నియమాల్లో కొంత సడలింపు, గడువు పొడిగింపు అడగవచ్చు. తరగతిలో ఉండడమే ఆ కోర్సుకు ప్రాణమైతే, ఉదాహరణకు ల్యాబుల్లో, సడలింపుకు హద్దుంటుంది.

ఈ రక్షణ అడిగిన రోజు నుంచే మొదలవుతుంది. గడిచిపోయిన గైర్హాజర్లను తుడిచిపెట్టమని కోరితే మామూలుగా ఒప్పుకోరు. ‘వికలాంగులు’ అన్న ముద్ర పడుతుందని మనవాళ్లు ఆ ఆఫీసు గడప తొక్కరు. అలా వెళ్లనందువల్ల దక్కే గౌరవమేమీ లేదు, పోయేది గ్రేడు.

గర్భిణులకు 1972 నాటి టైటిల్ నైన్ చట్టం ఉంది. డాక్టరు ఎంతకాలం అవసరమని చెబితే అంతకాలం గైర్హాజరును మన్నించి, తిరిగొచ్చాక మునుపటి స్థానంలోనే కొనసాగనివ్వాలి. ఇది ఏ వీసా మీద ఉన్నవారికైనా వర్తిస్తుంది. క్రెడిట్లు తగ్గించుకోవాలంటే మాత్రం ఎఫ్-1 విద్యార్థిని డీఎస్‌ఓని విడిగా అడగాలి.

అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు స్టేటస్ బెంగ లేదు గాని ఇంకో అంకె ఉంది: 60. ఫెడరల్ ఆర్థిక సాయం తీసుకునేవాళ్లు సెమిస్టర్‌లో 60 శాతం కాలం గడవకముందే చదువు ఆపితే, గడిచిన మేరకే ఆ సాయం వాళ్లదవుతుంది. 15 వారాల్లో ఆరో వారం చివర ఆపితే గడిచింది 40 శాతం. 5,000 డాలర్లు వచ్చి ఉంటే 2,000 నిలుస్తాయి, 3,000 వెనక్కి పోతాయి. తొమ్మిదో వారం దాటాక ఆపితే మొత్తం నిలుస్తుంది. ప్రొఫెసర్లు ‘చివరిసారి ఎప్పుడొచ్చావు’ అని రాసుకునేది ఇలాంటి లెక్కల కోసమే.

ప్లెసంటన్‌లో 1,500 మంది నేర్చుకున్న పాఠం

హాజరుకూ వీసాకూ ఉన్న ముడి ఇంత బిగుతుగా ఎందుకుందో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెసంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగాయి. అక్కడ 1,500 మందికి పైగా విద్యార్థులు. అత్యధికులు భారతీయులు, వాళ్లలోనూ ఎక్కువమంది అప్పటి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. తరగతులకు రానక్కర్లేదు, ఎక్కడైనా ఉద్యోగం చేసుకోవచ్చు, కాగితం మీద మాత్రం పూర్తి స్థాయి విద్యార్థి. కొందరు విద్యార్థుల కాళ్లకు రేడియో ట్యాగులు తగిలించిన ఫొటోలు మన పత్రికల మొదటి పేజీల్లో వచ్చాయి. యూనివర్సిటీ స్థాపకురాలికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది.

మళ్లీ 2019 జనవరి. మిషిగన్‌లో ‘యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్’. ఈసారి యూనివర్సిటీయే ప్రభుత్వం పన్నిన వల. పాఠాలు లేవు, ప్రొఫెసర్లు లేరు. చేరినవాళ్లు దాదాపు 600 మంది, ఎక్కువగా మనవాళ్లే.

ఈ రెండు కథల్లోనూ జబ్బు లేదు. అయినా వాటి నీడ జబ్బుపడ్డ విద్యార్థి మీద పడుతుంది. ‘తరగతికి రాని ఎఫ్-1 విద్యార్థి’ అనగానే అధికారికి గుర్తొచ్చేది ప్లెసంటనూ, ఫార్మింగ్టనూ. 2025 మే నెలలో భారతదేశంలోని అమెరికా రాయబార కార్యాలయం ఇచ్చిన హెచ్చరికలోనూ ఆ ధ్వనే ఉంది: చదువు మానేసినా, తరగతులు ఎగ్గొట్టినా, విశ్వవిద్యాలయానికి చెప్పకుండా కోర్సు వదిలినా వీసా రద్దు కావచ్చు, ఇకపై వీసాకు అర్హత పోవచ్చు. నిజంగా జబ్బుపడ్డవాడిని, ఎగ్గొట్టినవాడిని వేరుచేసి చూపేది ఒక్కటే, తేదీ ఉన్న కాగితం.

అమ్మానాన్నల ఫోనుకు జవాబు రాదు

డాలస్‌లో సాయంత్రం ఆరయితే విజయవాడలో తెల్లవారుజామున నాలుగున్నర, చలికాలమైతే ఐదున్నర. అప్పుడు లేచి కూర్చుని, అబ్బాయి ఫోనెత్తడం లేదని విశ్వవిద్యాలయానికి ఫోన్ చేస్తే అవతలివాళ్లు మర్యాదగా ‘మేం ఏమీ చెప్పలేం’ అంటారు. అది పొగరు కాదు. 1974 నాటి విద్యా సమాచార గోప్యత చట్టం ప్రకారం కాలేజీలో చేరిన క్షణం నుంచి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. ఆస్పత్రులకు 1996 నాటి వేరే చట్టముంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు మినహాయింపులున్నాయి. మామూలు జ్వరానికి మాత్రం కొడుకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప తండ్రికి కూడా హాజరు వివరం చెప్పరు.

దీనికి మందు జబ్బు రాకముందే వేసుకోవాలి. మొదటి నెలలోనే అనుమతి పత్రాల మీద సంతకం చేయడం, అత్యవసరంలో పిలవాల్సిన వ్యక్తిగా అమెరికాలోనే ఉన్న ఒక బంధువునో స్నేహితుణ్నో రాయించడం, రూమ్మేట్‌కు డీఎస్‌ఓ మెయిల్ చిరునామా, బీమా కార్డు ఫొటో ఇచ్చి ఉంచడం. అన్నీ కలిపి అరగంట పని.

ఇక జబ్బు రానే వస్తే రాయాల్సిన మెయిల్ నాలుగు వాక్యాలే: ఫలానా తేదీ నుంచి ఒంట్లో బాగాలేదు. ఫలానా తరగతికి, ఫలానా పరీక్షకు రాలేకపోతున్నాను. డాక్టరుకు చూపించుకుంటున్నాను, ఉత్తరం పంపిస్తాను. కోర్సుల విషయంలో ఏదైనా చేసేముందు మిమ్మల్ని అడుగుతాను. మొదటి మూడు వాక్యాలూ ప్రొఫెసర్లకు, నాలుగూ కలిపి డీఎస్‌ఓకి. ఇంగ్లిష్ వంకరగా ఉన్నా పరవాలేదు. జబ్బు పేరు రాయనక్కర్లేదు. లేవలేని స్థితిలో ఉంటే రూమ్మేట్ చేత రాయించినా చాలు. ఆ మెయిల్ వెళ్లిన తేదీ, సమయమే రేపు ఏ పద్దులోనైనా సాక్ష్యం.

మన కాలేజీలో షార్టేజ్ జాబితా ఎవరో టైపు చేసి, ఎవరో సంతకం పెట్టి, గోడకు అంటించేవారు. తిట్టుకుంటూనైనా దాన్ని చూసి పరుగెత్తేవాళ్లం. అక్కడ ఆ గోడ లేదు. పేరు అలాంటి జాబితాలోకి ఎక్కకముందే చూసుకోవాల్సింది, 102 జ్వరంలోనైనా, ఆ విద్యార్థే.